అప్‌డేట్: క్యామ్ మార్చాక వచ్చిన టకటక పోయింది

రీగ్రైండ్ క్యామ్ (వాల్వులు తెరిచే క్యామ్‌నే అరగదీసి ఆకారం మార్చినది) వేయించాక నా బుల్లెట్ 500 బైక్ టకటకమంటోంది, పాత పుష్‌రాడ్లే (క్యామ్ కదలికను పైకి వాల్వుల వైపు చేరవేసే కడ్డీలు) సరిపోతాయా అని పోయిన నెల అడిగాను. సరిపోవండి. అరగదీసినప్పుడు క్యామ్ బేస్ సర్కిల్ (ఉబ్బు లేని గుండ్రటి భాగం) వ్యాసం 1.6 మి.మీ. తగ్గింది. అంటే రాడ్‌కు అందులో సగం, 0.8 మి.మీ. పొడవు చాలలేదు. క్యామ్‌కూ రాడ్‌కూ మధ్య ఉండి, ఆయిల్ ఒత్తిడితో సందు పూడ్చే హైడ్రాలిక్ లిఫ్టర్ కూడా ఆ ఖాళీని పూడ్చలేకపోయింది.

చెన్నైలో పాత విడిభాగాలు దొరికే పుదుపేటలో పాత రాడ్ కొని, లేత్ దగ్గర రెండుగా కోయించి పొడవు మార్చుకునేలా మధ్యలో మర పెట్టించాను. ఇంజిన్ చల్లగా, వాల్వులు మూసుకుని ఉండగా వేళ్లతో తిప్పుతూ పొడవు పెంచాను. పైకీ కిందికీ ఆట పోయి, రాడ్ ఇంకా తేలిగ్గా తిరుగుతున్న చోట ఆపి కొలిచాను. దానికి లిఫ్టర్ ప్రీలోడ్ (లిఫ్టర్ లోపలికి కొద్దిగా నొక్కుకుని ఉండాల్సిన కొలత) కలిపి కొత్తవి చేయించాను. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వుల రాడ్లు విడివిడిగా కొలవండి, ఒకటే అనుకోవద్దు. వాల్వ్ కొనకు మార్కర్ పూసి చూస్తే రాకర్ (రాడ్ తోస్తే వాల్వును నొక్కే మీట) గీత నడిమధ్య సన్నగా పడింది, అంటే పొడవు సరిపోయినట్టే. అది చూశాకే టెన్షన్ పోయింది. కొలవకుండా రాడ్లు కొనొద్దని అప్పుడు జవాబిచ్చిన అన్నకు చాలా థాంక్స్. నిన్న మహాబలిపురం దాకా వెళ్లొచ్చాను, చప్పుడే లేదు.