పడమర ముఖం ఆఫీసు బిల్డింగు: ముందంతా అద్దం పెట్టొచ్చా?

ప్లానుబల్ల:
గుంటూరులో 500 గజాల కార్నర్ బిట్. పడమర మెయిన్ రోడ్డు, ఉత్తరం సందు. జీ ప్లస్ 3 ఆఫీసు. రోడ్డు వైపు 40 అడుగుల వెడల్పు, 40 అడుగుల ఎత్తు మొత్తం అద్దమే కావాలని ఓనరు గారి పట్టు. రిఫ్లెక్టివ్ గ్లాసు వేసి లోపల బ్లైండ్స్ కడితే ఏసీ బిల్లు అదుపులో ఉంటుందా? సోలార్, ఇంకుడు గుంత కూడా ప్లానులో ఉన్నాయి. నేల నల్లరేగడి.

నీడలెక్క:
ఉండదండీ. అద్దం దాటి లోపలికొచ్చిన ఎండను బ్లైండ్ పూర్తిగా ఆపలేదు, ఆ వేడి చాలావరకు గదిలోనే ఉంటుంది. 1,600 చదరపు అడుగుల మామూలు అద్దమైతే మే నెల సాయంత్రం ఒక్క ఎండకే సుమారు 20 టన్నుల ఏసీ కావాలి. ఎస్‌హెచ్‌జీసీ (తగిలిన ఎండ వేడిలో లోపలికొచ్చే వంతు) 0.27 ఉన్న గ్లాసు వేస్తే అది 7 టన్నులకు దిగుతుంది. ఈసీబీసీ 2017 (బిల్డింగుల కరెంటు పొదుపు కోడ్) మన వైపు పడమర అద్దానికి పెట్టిన హద్దు కూడా 0.27, మొత్తం గోడల్లో అద్దం 40 శాతం మించకూడదంది. మీ బిల్డింగుకు తప్పనిసరి కాకపోయినా ఆ అంకెలే పట్టుకోండి. గ్లాసు కొనేటప్పుడు వీఎల్‌టీ, అంటే వెలుతురు ఎంత శాతం లోపలికొస్తుందో కూడా అడగండి. మరీ నల్లటిదైతే పగలంతా లైట్లు వెలుగుతూనే ఉంటాయి.

సన్‌షేడ్ ఇక్కడ పనికిరాదు. మే మధ్యలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు 33 డిగ్రీల ఎత్తులో, పడమరకు 12 డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు. నాలుగడుగుల కిటికీని కప్పాలంటే ఆరడుగుల సన్‌షేడ్ కావాలి. అయిదింటికి అదీ చాలదు. నిలువు ఫిన్లు (అద్దం బయట నిలబెట్టే పలకలు) పెట్టండి: 300 మిల్లీమీటర్ల లోతు, ఒకదానికొకటి 200 దూరం, బయటి అంచు నైరుతి వైపు 30 డిగ్రీలు తిప్పి. తిప్పకుండా గోడకు లంబంగా నిలబెడితే ఆ ఎండ సందుల్లోంచి నేరుగా వచ్చేస్తుంది. గోడకూ ఫిన్లకూ మధ్య మనిషి పట్టేంత, అంటే 600 మిల్లీమీటర్లు వదలండి, లేకపోతే అద్దం తుడిచే దారి ఉండదు. ఇదంతా సెట్‌బ్యాక్‌లోకి (బిల్డింగు చుట్టూ వదలాల్సిన ఖాళీలోకి) వస్తుంది కాబట్టి ప్లాను పెట్టకముందే చూసుకోండి.

అన్నిటికంటే చవకైన పని వేరే ఉంది. మెట్లు, లిఫ్టు, బాత్రూములు పడమరకు నెట్టి, సీట్లన్నీ ఉత్తరం సందు వైపు తిప్పండి. రోడ్డు వైపు అద్దం మూడో వంతుకు తగ్గినా ముఖం బాగానే ఉంటుంది.

మేడమీద:
శ్లాబును మరవకండి, పై అంతస్తుకు అసలు వేడి అక్కడే. వాలు, దానిమీద వాటర్‌ప్రూఫింగ్, 48 గంటలు నీళ్లు నిలబెట్టి పరీక్ష, ఆ తర్వాత మొత్తం 80 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి ఫోమ్ షీట్లు) రెండు పొరలుగా, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా. పైన మెష్ వేసిన స్క్రీడు (సిమెంటు పొర), తెల్ల టైల్స్. సోలార్ కాళ్ల దిమ్మెలు వాటర్‌ప్రూఫింగ్‌కు ముందే పోసేయాలి. తర్వాత డ్రిల్లు వేస్తే ఆ బెజ్జాల్లోంచే కారుతుంది. కిలోవాట్‌కు 100 చదరపు అడుగులు లెక్కేసుకోండి, పిట్టగోడ నీడ ప్యానెళ్ల మీద పడకూడదు.

ఇంకుడుగుంత:
నల్లరేగడిలో మామూలు గుంత తవ్వితే నీళ్లు రోజుల తరబడి నిలుస్తాయి, పక్కనున్న పునాది కింద నేల ఉబ్బి గోడలు చీలతాయి. గుంత అడుగు నుంచి బోరు దింపి, రేగడి దాటి ఇసుక పొర తగిలేదాకా వెళ్లండి. రేగడి ఉన్నంత మేర మామూలు పైపు, ఇసుకలో మాత్రమే చిల్లుల పైపు. మీ మేడ 2,200 చదరపు అడుగులనుకుంటే 50 మిల్లీమీటర్ల వానకు 10 వేల లీటర్లు వస్తాయి. ముందు సిల్ట్ చాంబరు (మట్టి దిగే తొట్టి), తర్వాత గుంతలో అడుగున 40 ఎంఎం కంకర, దానిమీద 20 ఎంఎం, పైన ఇసుక. ఆ పై ఇసుక ఏటా జూన్‌లోపు తీసి కడగాలి. తొలకరి మురికినీళ్లు కాలవలోకి పోయేలా వాల్వు పెట్టండి, గుంతను పునాదికి దగ్గరగా రానివ్వకండి.