ఎప్పుడూ పెద్దమ్మాయినే సర్దుకోమంటున్నాను, ఇద్దరు ఆడపిల్లలున్నవారు దారి చెప్పగలరు

ప్రశ్న (తిరుపతి, బైరాగిపట్టెడ నుంచి ఒక తల్లి):

అందరికీ నమస్కారం. మాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయికి ఆరున్నరేళ్లు, ఒకటో తరగతి చదువుతోంది. చిన్నదానికి ఈ మధ్యనే మూడేళ్లు నిండాయి. మా వారు రేణిగుంటలో ఉద్యోగం చేస్తారు కాబట్టి ఉదయం ఏడింటికే బయలుదేరతారు. ఆ తర్వాత పావు తక్కువ ఎనిమిదికి బడి వ్యాను వచ్చేదాకా ఇద్దరినీ నేనొక్కదాన్నే చూసుకోవాలి. బడులు తెరిచి రెండు వారాలైంది. ఈ రెండు వారాల్లో పెద్దది కంటతడి పెట్టకుండా వ్యాను ఎక్కిన రోజు లేదు.

జరిగేది చూడడానికి చిన్న విషయమే. పెద్దదాన్ని కూర్చోబెట్టి, నూనె రాసి, పాపిట తీసి, రెండు జడల్లో ఒకటి సగానికి అల్లేసరికి చిన్నది పరుగెత్తుకొచ్చి నా ఒడిలో దూరుతుంది. దించితే రిబ్బను పట్టుకుని లాగుతుంది, అల్లిన జడ ఊడిపోతుంది, పెద్దది అరుస్తుంది. అప్పుడు నా నోట వచ్చే మాట ఒక్కటే: "నువ్వు పెద్దదానివి కదమ్మా, కాస్త సర్దుకో." బొమ్మల దగ్గరా అదే మాట, బస్సులో కిటికీ పక్క సీటు కోసమూ అదే మాట, రాత్రి నా పక్కన ఎవరు పడుకోవాలన్నా అదే మాట. మొన్న రాత్రి లైటు ఆపాక అది మెల్లగా అడిగింది: "అమ్మా, చెల్లికి ఆరేళ్లొచ్చాక దాన్ని కూడా పెద్దదానివి అంటావా?" నేను జవాబు చెప్పలేకపోయాను. అప్పటికి దీనికి తొమ్మిది దాటుతాయి, అప్పుడైనా సర్దుకోవలసింది ఇదే కదా అనిపించి చాలాసేపు నిద్ర పట్టలేదు. చిన్నదాన్ని కసురుకోవడానికి మనసొప్పడం లేదు, పెద్దదాని ముఖం చూస్తే కడుపు తరుక్కుపోతోంది. మీ ఇళ్లలో ఏం చేస్తున్నారో దయచేసి రాయండి.

జవాబు 1 (పలమనేరు, అంగన్‌వాడీ టీచరు):

అమ్మా, మూడు నుంచి ఆరేళ్ల పిల్లల మధ్య ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ముందుగా ఒక లెక్క చూడండి. చిన్నది పుట్టేనాటికి మీ పెద్దమ్మాయికి మూడున్నరేళ్లు. ఇప్పుడు మీరు పసిది, దానికేం తెలుసు అనుకుంటున్న చిన్నదానికంటే ఆనాడు అది ఆరు నెలలే పెద్దది. అయినా ఆ రోజు నుంచే ఇంట్లో అందరూ దాన్ని పెద్దదాన్ని చేశారు. ఆ రాత్రి అది అడిగింది ఆ సంగతే.

ఇక చిన్నదాని విషయం. మూడేళ్ల పిల్లకు "కాసేపు ఆగు" అంటే ఎంతసేపో తెలియదు. అందుకే ఆగలేకపోతుంది, మొండితనం వల్ల కాదు. కంటికి కనిపించే గుర్తు చెప్పండి: "అక్క రెండో జడకు రిబ్బను కట్టగానే నీ తల దువ్వుతాను." రిబ్బన్లు రెండూ దాని చేతికే ఇచ్చి, అడిగినప్పుడు అందించమనండి. మొదటి నాలుగైదు రోజులు ఏడుస్తుంది, ఏడ్చినా వంతు మార్చకండి. ఆ తర్వాత మీరు మరిచిపోయినా అదే రిబ్బన్లు పట్టుకొచ్చి నిలబడుతుంది.

బొమ్మల విషయంలో మా కేంద్రంలో ఒక పద్ధతి ఉంది. కేంద్రం బొమ్మలు అందరివీ, ఇంటి నుంచి తెచ్చుకున్నవి ఎవరివి వారివే. సొంత బొమ్మను పంచుకోమని మేము ఎవరినీ బలవంతపెట్టము. మీరు కూడా బీరువాలో చిన్నదాని చేతికి అందని ఒక అర పెద్దదానికి ఇచ్చి, అందులోని వస్తువు ఇవ్వాలో వద్దో దాని ఇష్టానికే వదిలేయండి.

జవాబు 2 (చంద్రగిరి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి):

మా పిల్లలకు తొమ్మిదేళ్లు, ఆరేళ్లు. మా ఇంట్లో కూడా ఇదే గొడవ రెండేళ్లు నడిచింది. మాకు పనికొచ్చింది ఒక్కటే: వారానికి ఒకసారి ఒక్కొక్కరినే వెంట తీసుకెళ్లడం. ఒక ఆదివారం పెద్దదాన్ని తిరుపతిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి తీసుకెళితే, మరుసటి ఆదివారం చిన్నదాన్ని జూపార్కుకు. మొన్న చలికాలంలో పెద్దది, నేను ఇద్దరమే శ్రీవారి మెట్టు దారిన కొండెక్కాము. అలిపిరి దారిలో 3,550 మెట్లుంటే ఇటు 2,388 మాత్రమే కనుక పిల్లలకు కొంత సులువు. సగం దారిలో కూర్చుని మంచినీళ్లు తాగుతూ, బడిలో తనను ఏడిపించే అమ్మాయి గురించి అది నాకు మొదటిసారి చెప్పింది. ఇంట్లో చెల్లి పక్కనుండగా ఆ మాట పూర్తి చేసే వీలే దానికి దొరకలేదట. మీ వారికి వారంలో సెలవు రోజు ఉంటుంది కదా, ఆ రోజు రెండు గంటలు చాలు.

అయితే చిన్నవాళ్లు కూడా సర్దుకుంటూనే ఉంటారని మరిచిపోకండి. అక్క పాత గౌన్లు, అక్క పాత సైకిలు సరే, మేము ఇంకా పెద్ద పొరపాటు చేశాము. పెద్దదానికి ఏడాది నిండగానే సుకన్య సమృద్ధి ఖాతా తెరిచి, చిన్నదానికి రేపు మాపు అంటూ నాలుగేళ్లు వచ్చేదాకా వాయిదా వేశాము. ఆ ఖాతా తెరిచిన నాటి నుంచి 21 ఏళ్లకు పూర్తవుతుంది. అంటే పెద్దదానికి 22వ ఏట అందే డబ్బు, చిన్నదానికి 25వ ఏట అందుతుంది. పదేళ్లు దాటితే తెరవనివ్వరు, ఏడాదికి కనీసం 250 రూపాయలు కడితే చాలు. మీరింకా తెరవకపోతే ఇద్దరికీ ఒకే రోజు తెరవండి.

జవాబు 3 (చిత్తూరు, ఒక ఇంటి పెద్దకూతురు):

నేను తల్లిని కాను, ముగ్గురు చెల్లెళ్లకు అక్కను. పై ఇద్దరూ చెప్పిన దానితో ఏకీభవిస్తూనే ఒక్క మాట చేర్చాలనిపించింది. పెద్దరికమంటే నాకు అయిష్టం లేదు. మా అమ్మ "చెల్లికి అన్నం పెడతావా" అని అడిగిన రోజుల్లో సంతోషంగా పెట్టాను. "పెద్దదానివి, నువ్వే పెట్టాలి" అన్న రోజుల్లో అదే పని ఏడుస్తూ చేశాను. కాబట్టి పని ఇవ్వడం మానకండి, అడిగి ఇవ్వండి, కాదంటే ఒప్పుకోండి.

మా జేజి మామిడిపండ్ల కాలంలో ఒక పద్ధతి పాటించేది. బేనిషా పండు తెచ్చి, కత్తి ఎక్కడ పెట్టాలో నన్ను గీత గీసి చూపించమని, కోశాక ముందుగా తీసుకునే హక్కు చెల్లికి ఇచ్చేది. నేను గోటితో ఎంత జాగ్రత్తగా గీసేదాన్నో ఇప్పటికీ గుర్తుంది. టెంక మాత్రం రోజుకొకరిది, ఎవరి రోజు ఏదో క్యాలెండరు మీద బొగ్గుతో గుర్తు పెట్టేది. ఆ ఇంట్లో పెద్దదానివి అన్న మాట మామిడిపండు దగ్గర ఒక్కసారి కూడా వినలేదు.

ప్రశ్న అడిగిన తల్లి:

అందరికీ కృతజ్ఞతలు. టీచరు గారూ, మీరు చెప్పిన ఆరు నెలల లెక్క చదివి పెద్దదాని మూడేళ్ల నాటి ఫోటో తీసి చూసుకున్నాను. అంత చిన్నపిల్లను నేను పెద్దదానివి అన్నానా అని ఏడుపొచ్చింది.

వారం రోజులుగా రిబ్బన్లు చిన్నదాని చేతికే ఇస్తున్నాను. మూడు రోజులు గుక్కపట్టి ఏడ్చింది. నిన్న ఒకటి నోట్లో పెట్టుకుని తడిపేసినా, ఒడిలోకి మాత్రం రాలేదు. తడి రిబ్బనుతోనే జడ కట్టేశాను, పెద్దది ఏమీ అనలేదు. బీరువాలో అర ఇచ్చాను, దానికి తాళం కూడా కావాలంటోంది. ఈ ఆదివారం మా వారు దాన్ని ఒక్కదాన్నే కపిలతీర్థానికి తీసుకెళ్తామన్నారు. "చెల్లి రాదా?" అని రెండుసార్లు అడిగి, రాదని తెలిశాక ఏ గౌను వేసుకోవాలో ఇప్పుడే తీసి పెట్టుకుంది.