అప్‌డేట్: నల్గొండ నుంచి సూర్యలంక పెళ్లికి బస్సులో పోవుడు

పెద్దమనుషులతో కలిపి బస్సు నిండా చుట్టాలను బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్ పెళ్లికి ఎట్ల తీస్కపోవాలె అని అడిగిన. పెళ్లి మంచిగ అయింది, జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

అన్నిటికన్నా పర్మిట్ సలహానే పనికొచ్చింది. వాడపల్లి కాడ కృష్ణ దాటంగనే ఆంధ్ర. బండికి ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉంటే వేరే ట్యాక్స్ లేదు. తెలంగాణ పర్మిట్ ఒక్కటే ఉంటే టెంపరరీ పర్మిట్, ట్యాక్స్ బయల్దేరక ముందే ఆన్‌లైన్‌ల కట్టాలె. అడ్వాన్స్ ఇచ్చే ముందే ఓనర్‌ను పర్మిట్ కాపీ అడగండి, డేట్ చూడండి.

విజయవాడ దిక్కు పోయే పనే లేదు. మిర్యాలగూడ, పిడుగురాళ్ల, సత్తెనపల్లి, గుంటూరు మీదుగ బాపట్ల. అక్కడికెళ్లి బీచ్ 9 కిలోమీటర్లు.

అసలు కష్టం ఇసుకల. పొడి ఇసుకల వీల్‌చైర్ ముందటి చిన్న చక్రాలు అడ్డం తిరిగి కూరుకపోతయి. వెనక్కి తిప్పి, పెద్ద చక్రాల మీద గుంజాలె. మండపం దాకా ప్లైవుడ్ షీట్లు పరిపించుడు ఇంకా నయం, ముసలోళ్లు నడిచిపోతరు. హీల్స్ వద్దు, చదును చెప్పులే. గాలికి పట్టుచీర కొంగు నిలువది, పిన్నులు ఎక్కువ పెట్టుకోండి.