రొయ్యల ప్లాంటులో జీరో ట్రస్ట్ ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరికీ నమస్కారం. భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో కంప్యూటర్ల పని చూస్తాను. బిల్లింగ్, సీసీ కెమెరాలు, ఫ్రీజర్ కంట్రోలర్ అన్నీ ఒకే నెట్‌వర్క్ మీదున్నాయి. పాస్‌వర్డ్ కాటా పక్కన గోడకి అంటించి ఉంటుంది. తడికి సగం చెరిగినా అందరికీ కంఠతా వచ్చు. పని మానేసిన కుర్రాడి లాగిన్ ఇంకా నడుస్తోందని మొన్న చూసి గుండె ఝల్లుమంది.

జీరో ట్రస్ట్ మీద అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2020లో తెచ్చిన 800-207 పత్రం చదివాను. లోపలున్నాడు కదా అని ఎవర్నీ నమ్మొద్దు అంటుంది, నిజమే. ఆఫీసులో సరే, గ్లౌజులతో ఐసు మధ్య నిలబడే అక్కలు ఓటీపీ ఎలా కొడతారు? తడి చేతులకి వేలిముద్రా పడదు. కార్డులు నయమా?

పాత కంట్రోలర్‌కి అసలు లాగిన్నే లేదు. వేరే వీల్యాన్‌లో (అదే నెట్‌వర్క్‌లో విడిగా కట్టిన భాగంలో) పెట్టి, దాని ముందు రాకపోకల్ని వడగట్టే ఫైర్‌వాల్ ఉంచితే చాలా? రైస్ మిల్లులోనో ఆసుపత్రిలోనో చేసినవాళ్లుంటే, మొదట ఏది మార్చారో చెప్పండి. ఫ్రీజర్ మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు.