పాత విండోస్ 7 డెస్క్‌టాప్, విండోస్ 10 ల్యాప్‌టాప్: ఏది ఎప్పుడు అప్‌గ్రేడ్ చేయాలి?

ప్రశ్న, పర్లాకిమిడి నుంచి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రెండు కంప్యూటర్లున్నాయి. ఒకటి పాత డెస్క్‌టాప్, విండోస్ 7. మా ఆయన దాని మీదే పెళ్లి శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు చేస్తారు. తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి, రెండూ పేజ్‌మేకర్ అనే పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనే. రెండోది ల్యాప్‌టాప్, విండోస్ 10. బ్యాంకు పని, పాప చదువు దాంట్లో. పాపకి మెట్రిక్ అయిపోయింది, ఇక ప్లస్ టూ ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి.

డెస్క్‌టాప్‌లో క్రోమ్ తెరిస్తే ఇక అప్‌డేట్లు రావని చెబుతోంది. బ్యాంకు సైటు తెరిస్తే కనెక్షన్ ప్రైవేట్ కాదని ఎర్ర గుర్తు వస్తోంది. ఇక ల్యాప్‌టాప్ ఎప్పుడు చూసినా అప్‌డేట్ అంటుంది. మాకున్నది ఫోన్ హాట్‌స్పాటే, డేటా అంతా దానికే అయిపోతోంది. రిపేరు అబ్బాయి రెండూ తీసేసి కొత్తవి కొనమంటాడు. మా మరిది నడుస్తున్నదాన్ని కదపొద్దంటాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు, బరంపురం నుంచి

అమ్మా, ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది కానీ, ఎవరూ చూడాల్సింది చూడలేదు. కంప్యూటర్ పాతదా కొత్తదా అన్నది పక్కన పెట్టండి. అది నెట్‌కి కలుస్తోందా? కలుస్తుంటే, అందులోని సాఫ్ట్‌వేర్‌లో బయటపడే లోపాలను తయారుచేసినవాళ్లు ఇంకా సరిచేసి పంపుతున్నారా? ఈ రెండు ప్రశ్నలకి జవాబు దొరికితే ఏం చేయాలో దానంతటదే తేలుతుంది.

ముందు డెస్క్‌టాప్ సంగతి. విండోస్ 7కి మామూలు వినియోగదారులకిచ్చే మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. క్రోమ్ దాని మీద 109వ వెర్షన్ దగ్గర ఆగిపోయింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 గానీ ఆ పైది గానీ ఉండాలి. కాబట్టి క్రోమ్ తీసేసి మళ్లీ వేసినా లాభం లేదు. ఫైర్‌ఫాక్స్‌లో 115 ఈఎస్ఆర్ అని, ఎక్కువకాలం సవరణలిచ్చే వెర్షన్ ఒకటి విండోస్ 7కి ఉంది, దానికి భద్రతా సవరణల గడువు కొన్నిసార్లు పొడిగించారు కూడా. కానీ బ్రౌజర్ బాగున్నా కింద ఉన్న విండోస్‌కి సవరణలు రావు కదా. ఆ యంత్రంలో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టకండి.

అలాగని దాన్ని అప్‌గ్రేడ్ చేయమనీ చెప్పను. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దాన్ని అడోబీ ఎప్పుడో వదిలేసింది. అను ఫాంట్లలో కొట్టిన అక్షరాలు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లలో ఒకేలా చదవగలిగే పద్ధతి) కావు, ఆ ఫాంటు లేని చోట తెరిస్తే ఏవో ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఆకృతి ఒడియా సంగతీ అంతే. ఇవన్నీ కొత్త విండోస్‌లో కుదురుకోవచ్చు, కుదరకపోవచ్చు. పాత ప్రింటరుకి కొత్త డ్రైవరు దొరకడం ఇంకో తలనొప్పి. ఈ లోపు ఎవరి శుభలేఖ ఆగిపోయినా ముహూర్తం ఆగదు. అందుకని డెస్క్‌టాప్‌ని ఉన్నది ఉన్నట్టు ఉంచి, నెట్ మాత్రం పూర్తిగా తీసేయండి. కార్డు తయారయ్యాక పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ల్యాప్‌టాప్‌కి తెచ్చుకుని అక్కణ్ణుంచి వాట్సాప్‌లో పంపండి. బయటివాళ్ల పెన్‌డ్రైవ్ మాత్రం నేరుగా డెస్క్‌టాప్‌కి పెట్టకండి, ముందు ల్యాప్‌టాప్‌లో స్కాన్ చేయండి. పాత డిజైన్లన్నీ విడిగా ఒక హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. ఆ డెస్క్‌టాప్ ఏదో ఒకరోజు లేవకపోవచ్చు, అప్పుడు మిగిలేది ఆ కాపీయే.

ఎర్ర గుర్తు గురించి ఒక మాట. స్క్రీన్ కింద కుడి మూల తేదీ చూడండి. తప్పు ఉంటే మదర్‌బోర్డు మీదున్న గుండ్రటి సెల్ అయిపోయి ఉంటుంది. కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి వెళ్లిపోతుంది. అప్పుడు సైటు చూపే సర్టిఫికెట్ గడువు ఇంకా మొదలే కాలేదనుకుని బ్రౌజర్ ఆపేస్తుంది. సీఆర్ 2032 అని వాచీల షాపులో కూడా దొరుకుతుంది.

జవాబు, రాయగడ నుంచి

అక్కా, డేటా గురించి నేను చెబుతాను. ల్యాప్‌టాప్‌లో సర్వీసెస్‌కి వెళ్లి విండోస్ అప్‌డేట్‌ని డిసేబుల్ చేసేయండి. మా ఇంట్లో అలాగే పెట్టాం, ఏ గొడవా లేదు. అప్‌డేట్ వచ్చాకే కదా కంప్యూటర్ నెమ్మదిస్తుంది.

జవాబు, బరంపురం నుంచి

తమ్ముడూ, ఈ సలహా వెనక్కి తీసుకో. గొడవ లేనట్టు కనిపించడం వేరు, లేకపోవడం వేరు. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక ప్యాచ్ ఇచ్చింది. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే భాగంలో ఉన్న లోపానికి అది మందు. సరిగ్గా ఆ లోపంలోంచే మే 12న వానాక్రై అనే వైరస్ వచ్చింది. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు, ఒక యంత్రంలోంచి ఇంకోదాంట్లోకి దానంతటదే పాకింది, ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగింది. మధ్యలో రెండు నెలల వ్యవధి ఉంది. ప్యాచ్ వేసుకున్న విండోస్ 7 యంత్రాలు దానికి చిక్కలేదు, వేసుకోనివే చిక్కాయి. ఆంధ్రా పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయని, వాటిలో మన పక్కనున్న శ్రీకాకుళం జిల్లావీ ఉన్నాయని అప్పట్లో పత్రికల్లో వచ్చింది.

డేటా మిగుల్చుకోవాలంటే సర్వీసు ఆపక్కర్లేదమ్మా. సెట్టింగ్స్‌లో మీ హాట్‌స్పాట్ పేరు మీద నొక్కితే మీటర్డ్ కనెక్షన్ అని ఉంటుంది, ఆన్ చేయండి. చాలావరకు అప్‌డేట్లు మీరు అడిగితే గానీ దిగవు. నెలవారీ భద్రతా ప్యాచ్‌లు అమెరికాలో రెండో మంగళవారం విడుదలవుతాయి, మనకి అప్పటికి రాత్రి అవుతుంది. కాబట్టి ఆ వారం చివర్లో, ఏ ఆదివారమో, మిగిలిన డేటాతో ఒకసారి దించుకోండి. చుట్టాల ఇంట్లో వైఫై ఉంటే ఇంకా మంచిది. పని ఒత్తిడిలో ఉంటే ముప్పై అయిదు రోజుల దాకా వాయిదా వేసుకునే పాజ్ బటన్ కూడా ఉంది. వాయిదా తప్పు కాదు, శాశ్వతంగా ఆపేయడమే తప్పు.

బ్రౌజర్‌కి మాత్రం ఈ వాయిదా కూడా వద్దు. ఊరూ పేరూ తెలియని సైట్ల కోడ్ అంతా నడిచేది బ్రౌజర్‌లోనే. క్రోమ్‌కి దాదాపు నాలుగు వారాలకో కొత్త వెర్షన్, మధ్యలో ప్రతి వారం భద్రతా సవరణలు వస్తాయి. ఫైర్‌ఫాక్స్‌కీ నాలుగు వారాల లెక్కే. ఇవి చిన్నవి, వెనకాల వాటంతటవే దిగుతాయి. కానీ చాలామంది ల్యాప్‌టాప్ మూత వేసేస్తారు తప్ప బ్రౌజర్ మూయరు. ముప్పై ట్యాబులు తెరిచే ఉంటాయి, దిగిన అప్‌డేట్ అలా మూల కూర్చుంటుంది. మూసి మళ్లీ తెరిస్తేనే అది పనిలోకి వస్తుంది. క్రోమ్ పై మూల గుర్తు పచ్చగా ఉంటే అప్‌డేట్ వచ్చి రెండు రోజులు కాలేదని, నారింజ రంగైతే నాలుగు రోజులని, ఎరుపైతే వారం దాటిందని అర్థం. కొన్ని వెర్షన్లలో రంగు బదులు రీలాంచ్ అని మాటే కనిపిస్తుంది. మూడు చుక్కలు, హెల్ప్, అబౌట్ గూగుల్ క్రోమ్ అని వెళితే మీ వెర్షన్ తెలుస్తుంది, పాతదైతే అక్కడే దిగడం మొదలవుతుంది.

ఒకటి బాగా గుర్తుపెట్టుకోండి. ఏదో సైటు చూస్తుండగా పేజీ మధ్యలో మీ క్రోమ్ పాతదైపోయింది, ఇక్కడ నొక్కండి అని వస్తే నొక్కవద్దు. అలాంటి పేజీల వెనక వైరస్ ఫైళ్లుంటాయి. అప్‌డేట్ ఎప్పుడూ బ్రౌజర్ మెనూలోంచే.

మళ్లీ పర్లాకిమిడి నుంచి

మాస్టారూ, తేదీ చూశాం. 2009 చూపిస్తోంది! సెల్ మార్పించాం, ఎర్ర గుర్తు పోయింది. అయినా మీరు చెప్పినట్టు డెస్క్‌టాప్‌కి నెట్ తీసేశాం. ఇప్పుడు ల్యాప్‌టాప్ గురించి చెప్పండి. విండోస్ 11 వేయాలా? రిపేరు అబ్బాయి ఎలాగోలా ఎక్కిస్తానంటున్నాడు. ప్రాసెసర్ చూస్తే ఐ3, ఏడో జనరేషన్ అని ఉంది.

జవాబు, బరంపురం నుంచి

ఎలాగోలా ఎక్కించే పని వద్దమ్మా. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాటు, నాలుగు జీబీ ర్యామ్, అరవై నాలుగు జీబీ డిస్క్ కావాలి. ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచే జాబితాలో ఉన్నాయి. మీది ఏడు. అడ్డదారిలో ఎక్కించిన యంత్రానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. అప్‌డేట్ల కోసమే కదా మనం అప్‌గ్రేడ్ అవుతున్నది, ఆ హామీయే లేకపోతే ఎందుకు?

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కానీ ఇళ్లలో వాడేవాళ్లకి అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం పెట్టారు, అది 2026 అక్టోబర్ 13 దాకా అని ప్రకటించారు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ అని లింకు ఉంటుంది. లేకపోతే మీది విండోస్ 10లో చివరిదైన 22హెచ్2 వెర్షన్ అవునో కాదో చూడండి, కాకపోతే ముందు దానికి రావాలి. పాప అడ్మిషన్ గండం ఈ ఏర్పాటుతో గట్టెక్కుతుంది. ఎడ్జ్ బ్రౌజర్‌కైతే విండోస్ 10 మీద కనీసం 2028 అక్టోబర్ వరకు అప్‌డేట్లు ఇస్తామన్నారు. దాన్ని చూసి విండోస్ కూడా అప్పటిదాకా భద్రమనుకోకండి, అది బ్రౌజర్‌కిచ్చిన మాట మాత్రమే. ఆఫీస్ 2016, 2019 వాడుతుంటే వాటి మద్దతు కూడా 2025 అక్టోబర్ 14నే ముగిసింది. బయటినుంచి వచ్చిన వర్డ్ ఫైళ్లు తెరిచేది వాటితోనే కదా, బదులుగా లిబ్రెఆఫీస్ ఉచితంగా దొరుకుతుంది.

ఎనిమిదో జనరేషన్, ఆ పై యంత్రాలున్నవాళ్లు ఇది చదువుతుంటే: మీరు 11కి వెళ్లండి, కానీ పెద్ద వెర్షన్ విడుదలైన వారంలోనే ఎగబడకండి. 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్ల ఫోల్డర్లే తుడిచేసింది. మైక్రోసాఫ్ట్ కొద్ది రోజులకే దాన్ని ఆపేసి, సరిచేసి, నవంబర్‌లో మళ్లీ ఇచ్చింది. ఆగినవాళ్లకి ఏమీ కాలేదు. భద్రతా ప్యాచ్‌కి వారం, పెద్ద వెర్షన్‌కి ఒకట్రెండు నెలలు, ఇదీ నేను పాటించే పద్ధతి. వేశాక నచ్చకపోతే పది రోజుల లోపు వెనక్కి వెళ్లే గో బ్యాక్ ఉంటుంది, ఆ తర్వాత పాత విండోస్ ఫైళ్లు తుడిచేస్తుంది. అందుకని ఆ పది రోజుల్లోనే ప్రింటర్, స్కానర్, వేలిముద్ర యంత్రం, డిజిటల్ సంతకం డాంగిల్ అన్నీ ఒక్కసారి పెట్టి చూసుకోండి.

ఎప్పుడు వేయాలన్నదానికి మీ ఇంటి పనే పంచాంగం. కార్డుల పని చేసేవాళ్లు లగ్గసరిలో ఏ యంత్రాన్నీ కదపకూడదు, మూఢంలో పెట్టుకోవాలి. ఆషాఢం కూడా ఖాళీయే కానీ ఒడిశాలో సామ్స్ (ఆన్‌లైన్ కాలేజీ ప్రవేశాల పోర్టల్) అడ్మిషన్ల హడావిడి దాదాపు ఆ రోజుల్లోనే ఉంటుంది, ల్యాప్‌టాప్‌ని అప్పుడు ముట్టుకోవద్దు. ఈదురుగాలులు వచ్చే సాయంత్రాలు అసలే వద్దు. మధ్యలో కరెంటు పోతే విండోస్ పాడయ్యే ప్రమాదముంది. ల్యాప్‌టాప్ అయినా బ్యాటరీ నిండుగా ఉండాలి, చార్జర్ తగిలించి ఉండాలి.

జవాబు, జయపూరు నుంచి

చెల్లీ, తెలుగు ఫాంట్ల గురించి ఒక మాట, ఇది ఎవరూ ముందు చెప్పరు. మా ఇంట్లో విండోస్ 7 నుంచి 11 ఉన్న కొత్త యంత్రానికి మారాం. పాత తెలుగు అర్జీ ఫైలు తెరిస్తే అక్షరాలన్నీ ఉన్నాయి, కానీ వెడల్పు మారి ఒక పేజీ అర్జీ రెండు పేజీలైంది. రెండో పేజీలో సంతకం గీత ఒక్కటే మిగిలింది. కారణం అందులో వాడిన గౌతమి ఫాంట్ కొత్తదాంట్లో లేకపోవడం. విండోస్ 10, 11లో తెలుగుకి నిర్మలా మాత్రమే ముందుగా ఉంటుంది. గౌతమి, వాణి కావాలంటే సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకోవాలి. ఒడియా కళింగ ఫాంటుకి కూడా అలాగే ఒడియా పేరుతో వేరేగా ఉంటుంది. వేశాక అర్జీ మళ్లీ ఒక్క పేజీలోకి వచ్చేసింది.

మళ్లీ పర్లాకిమిడి నుంచి

అక్కా, మాస్టారూ, చాలా థాంక్స్. ఎన్‌రోల్ అయ్యాం, డబ్బు అడగలేదు. మీటర్డ్ కూడా పెట్టాం. అక్టోబర్ తర్వాత ఏం చేయాలో అదొక్కటి చెప్పండి. వెంటనే కొత్తది కొనే పరిస్థితి లేదు.

జవాబు, బరంపురం నుంచి

కొనక్కర్లేదమ్మా. మీ పని బ్రౌజర్, పాప పాఠాలు, వర్డ్ ఫైళ్లు. వీటికి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సరిపోతుంది. 22వ వెర్షన్‌కి 2029 దాకా మద్దతుంది, ఏడో జనరేషన్ యంత్రం మీద హాయిగా నడుస్తుంది, తెలుగు కీబోర్డు కూడా పెట్టుకోవచ్చు. ఇప్పుడే వేసేయకండి. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా దాంట్లోంచే నడిపి చూడొచ్చు. వైఫై పట్టిందా, బ్యాంకు సైటు తెరుచుకుందా, ప్రింటర్ పలికిందా చూసుకోండి. ఏదైనా పలకకపోతే ఆ ప్రింటర్ మోడల్ నంబరు ఇక్కడ రాయండి. ల్యాప్‌టాప్‌లో ఉన్నది పాత హార్డ్‌డిస్కే అయితే మాత్రం ముందు ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్తరకం డిస్క్) వేయించండి, అప్‌డేట్ వచ్చాక నెమ్మదించిందని తమ్ముడు అన్న ఇబ్బంది చాలావరకు అక్కడే పోతుంది.