చలికాలంలో స్లాబ్: పది రోజులకే జాకీలు తీయొచ్చా?

ఉట్నూర్_ఇల్లు:
మాది ఉట్నూర్ దగ్గర. మొదటి అంతస్తు స్లాబ్ సంక్రాంతి లోపే వేసేద్దామని మేస్త్రీ ఒకటే తొందర. తెల్లవారుజామున 6, 7 డిగ్రీలకు పడిపోతోంది, మధ్యాహ్నం మాత్రం 27 దాకా వస్తుంది. సిమెంట్ పీపీసీ (బూడిద లాంటివి కలిపిన రకం). పెద్ద గది వెడల్పు 14 అడుగులు. పది రోజులకు స్లాబ్ కింద ఆసరాగా పెట్టిన జాకీలు తీసి పైన గోడలు మొదలుపెడదామంటాడు, ఎండాకాలం అలాగే చేశాడట. మా నాన్న శివరాత్రి దాటాక వేద్దామంటున్నారు. చలికి స్లాబ్ పాడవుతుందా?

సైటు_కబుర్లు:
పాడవదు, లేటవుతుంది. కాంక్రీటు ఆరి గట్టిపడదు, సిమెంటూ నీళ్ళూ కలిసి జరిగే రసాయన చర్యతో గట్టిపడుతుంది. చలికి ఆ చర్య నెమ్మదిస్తుంది, పీపీసీ అయితే మొదటి రోజుల్లో ఇంకా నెమ్మది. కాంక్రీటు పనులకు మన దేశ కోడ్ ఐఎస్ 456లో 4.5 మీటర్ల లోపు స్లాబ్‌కు 7 రోజులకు జాకీలు తీయొచ్చని ఉంది, మీ మేస్త్రీ లెక్క దానికి దగ్గరే. కానీ ఆ 7 రోజులు ఓపీసీ, అంటే అలాంటివి కలపని మామూలు సిమెంట్ వాడి, చుట్టూ వేడి 15 డిగ్రీలకు తగ్గనప్పుడు. మీకు రెండూ లేవు. పైగా బీములకు అదే కోడ్ 6 మీటర్ల దాకా 14 రోజులు అంటోంది, కాబట్టి బీముల కింద జాకీలు పది రోజులకు లాగేస్తానంటే ఎండాకాలమైనా ఒప్పుకోవద్దు. శివరాత్రి దాకా ఆగక్కర్లేదు, వేసేయండి, జాకీలు మాత్రం మూడు వారాలు ఉంచండి. కిరాయి కాస్త పెరుగుతుంది, పెరగనివ్వండి.

చింతపల్లి_మన్యం:
లంబసింగి పక్కన మాకు ఇంకా ఎక్కువ చలి. ఇక్కడ పొద్దున్నే మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) తిప్పరు, ఎండెక్కాక తొమ్మిదికి మొదలుపెట్టి మధ్యాహ్నం రెండు లోపు ముగించేస్తారు, అప్పుడు చీకటి పడేలోగా కాస్త బిగుసుకుంటుంది. సాయంత్రం దాకా పోసిన చోట మర్నాడు పొద్దున నీళ్ళు నిలిపే మడులు కట్టడానికి ఎక్కితే చెప్పు అచ్చు పడుతుంది. ఇంకొకటి, చలికి పైకి తేలిన నీరు తొందరగా ఇంకదు. ఎదురుచూసే ఓపిక లేక దానిమీద పొడి సిమెంట్ చల్లి తాపీతో రుద్దేస్తారు, తర్వాత పైపొర అప్పడంలా లేస్తుంది. దగ్గరుండి ఆపండి. రాత్రికి పాలిథిన్ షీటు, దానిమీద వరిగడ్డి.

బిల్డర్_తమ్ముడు:
ఇంత కథ ఎందుకు, కాల్షియం క్లోరైడ్ కలిపితే తొందరగా సెట్ అయిపోతుంది కదా? కింద నాలుగు కుంపట్లు పెడితే ఇంకా మంచిది.

సైటు_కబుర్లు:
తమ్ముడూ, క్లోరైడ్ ఇనుముకు శత్రువు. రాడ్డు ఉన్న కాంక్రీటులో అది వేస్తే లోపలే తుప్పు పట్టి కొన్నేళ్ళకు పెచ్చులూడతాయి. కావాలంటే క్లోరైడ్ లేని యాక్సిలరేటర్లు (తొందరగా గట్టిపడేలా చేసే మందులు) దొరుకుతాయి, కానీ ఆదిలాబాద్ చలికి అవీ దండగే. కుంపట్ల మాట మరిచిపో, కింద ఉన్నవి చెక్క పలకలు.

మిన్నెసోటా_మంచు:
మాకిక్కడ జనవరిలో మైనస్ 20 మామూలు, అసలు సమస్య అప్పుడు. లోపలి నీరు గడ్డకడితే 9 శాతం దాకా ఉబ్బుతుంది, కాంక్రీటుకు కనీసం 3.5 మెగాపాస్కల్స్ బలం రాకముందే అలా జరిగితే ఇక ఎన్నాళ్ళు నీళ్ళు పట్టి క్యూరింగ్ చేసినా పోయిన బలం పూర్తిగా రాదు. అందుకే రెడీమిక్స్ వాళ్ళు వేడినీళ్ళతో కలిపి పంపుతారు, దానికి వేరే చార్జీ. గడ్డకట్టిన నేల మీద అసలు పోయరు, అది కరిగాక కుంగుతుంది. పోశాక దుప్పట్లు కప్పుతారు. డేరా వేసి గ్యాస్ హీటర్ పెడితే పొగ బయటికి పంపాల్సిందే, లేకపోతే ఆ కార్బన్ డయాక్సైడ్ తగిలి ఫ్లోర్ పైన ఎన్నిసార్లు ఊడ్చినా పొడి రాలుతూనే ఉంటుంది. యూట్యూబ్‌లో ఇవన్నీ చూసి ఉట్నూర్‌లో హీటర్లు కొనకండి 😀

ఉట్నూర్_ఇల్లు:
థాంక్స్ అందరికీ. మేస్త్రీ ఇంకో మాట కూడా అన్నాడు, చలికాలం నీళ్ళు ఎక్కువ కొట్టక్కర్లేదట. నిజమేనా? బలం పరీక్షించడానికి అదే కాంక్రీటుతో క్యూబులు (చిన్న దిమ్మెలు) పోయించమని ఒకాయన చెప్పారు, వాటితో పనుంటుందా?

సైటు_కబుర్లు:
నీళ్ళు కావాల్సిందే. చలికాలం గాలి పొడిగా ఉంటుంది, మీ దగ్గర మధ్యాహ్నం ఎండ కూడా ఉంది. పీపీసీకి కనీసం పది రోజులు మడుల్లో నీళ్ళు నిలవాలి. పొద్దున ఆరింటికి కాకుండా ఎండొచ్చాక పట్టండి. క్యూబులు తప్పకుండా పోయించండి, కానీ ల్యాబులో తొట్టి నీళ్ళు 27 డిగ్రీల దగ్గర ఉంటాయి, అందులో పెరిగిన క్యూబు మీ స్లాబ్ సంగతి చెప్పదు. అందుకే ఓ మూడు క్యూబులు స్లాబ్ మీదే అదే గడ్డి కింద, అదే నీళ్ళలో ఉంచి, జాకీలు తీసే ముందు రోజు పగలగొట్టించండి.

చింతపల్లి_మన్యం:
ఆ క్యూబులు కూలీలు కాలితో తన్నకుండా ఓ మూల పెట్టించండి. జాకీలు తీసేటప్పుడు గది మధ్య నుంచి మొదలుపెట్టి గోడల వైపు రమ్మనండి. బాల్కనీ ఉంటే దానికి కొస నుంచి.