కీటోరోలాక్ మాత్ర ఐదు రోజులే ఎందుకు?

ప్రశ్న:
పోయిన సోమవారం నాకు జ్ఞానదంతం తీసి, కీటోరోలాక్ 10 మి.గ్రా. మాత్రను నీళ్లలో కరిగించి రోజుకు రెండుసార్లు, మూడు రోజులు తాగమని రాశారు. నొప్పి బాగా తగ్గింది. మిగిలిన మాత్రలు చూసి, మోకాళ్ల నొప్పికి తాను వాడతానని మా నాన్నగారు అంటున్నారు. ఆయనకు 67 ఏళ్లు. గుండెకు ఆస్పిరిన్ 75, బీపీకి టెల్మిసార్టాన్ రోజూ వేసుకుంటారు. ఇది మత్తుమందు కాదు, అలవాటు పడదు అంటారు కదా, మరి ఐదు రోజులు దాటకూడదన్న నియమం ఎందుకు?

జవాబు (ఫార్మసిస్టు):
అలవాటు పడదన్న మాట నిజమేనండి. ట్రమడాల్, మార్ఫిన్ లాంటి అలవాటు పడే నొప్పిమందులు పనిచేసే ఓపియాయిడ్ గ్రాహకాల (నరాల కణాల మీద ఆ మందులు అతుక్కునే చోట్ల) జోలికి ఇది పోదు; దెబ్బ తగిలినచోట నొప్పిని, వాపును పెంచే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు ఒంట్లో తయారవకుండా ఆపుతుంది. అయితే కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ, మూత్రపిండాలకు రక్తం సరిగా అందేలా చూసేవీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. పంటి దగ్గర ఆపి కడుపు దగ్గర వదిలెయ్యడం ఈ మందుకు చేతకాదు. గడువు పెట్టింది రక్తస్రావం, మూత్రపిండాలు దెబ్బతినడం జరుగుతాయన్న భయంతోనే. ఇంజెక్షన్ ఇచ్చిన రోజులు కూడా ఆ ఐదింటిలోకే వస్తాయి.

జవాబు:
మా అమ్మ నడుంనొప్పికి చీటీ లేకుండానే తెప్పించుకుని తొమ్మిది రోజులు వాడింది. విరోచనం తారులా నల్లగా, జిగటగా అవుతుంటే ఐరన్ మాత్రల వల్లేమో అనుకుని ఎవరికీ చెప్పలేదు. స్నానాల గదిలో కళ్లు తిరిగి పడిపోయాక ఎండోస్కోపీ చేస్తే కడుపులో పుండు బయటపడింది. దయచేసి మీ నాన్నగారికి ఇవ్వకండి.

జవాబు (వైద్యురాలు):
ఆస్పిరిన్ వాడేవారికి కీటోరోలాక్ ఇవ్వకూడదు, రెండూ కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. టెల్మిసార్టాన్ తోడైతే, అందులోనూ ఆ వయసులో, మూత్రపిండాలపై భారం ఎక్కువ. పైగా మోకాళ్ల అరుగుదల ఏళ్ల తరబడి ఉండే నొప్పి; ఈ మందు పన్ను తీసినప్పుడో, ఆపరేషన్ తర్వాతో వచ్చే నాలుగు రోజుల నొప్పికి. పారాసెటమాల్ సరిపోతుందేమో ఆయన డాక్టరుగారిని అడగండి. దీన్ని వేసుకోవడం కోసం ఆస్పిరిన్‌ను సొంతంగా మాన్పించవద్దు.

ప్రశ్న అడిగినవారు:
నిన్న రాత్రే ఒకటి వేసుకున్నారని ఇప్పుడే చెప్పారు. ఇప్పుడేం చెయ్యాలి?

జవాబు (వైద్యురాలు):
రెండోది వేసుకోనివ్వకండి. ఈ సంగతి ఈరోజే ఆయన డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పండి. నల్లటి విరోచనం, రక్తపు వాంతి, కడుపులో తీవ్రమైన నొప్పి, మూత్రం బాగా తగ్గడం, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆ స్ట్రిప్ కూడా వెంట పట్టుకెళ్లండి.